రెండు కొసల పట్టీ: బరువైన కెమెరాను భద్రంగా మోయడం గురించి

మేరీలాండ్ రాష్ట్రంలో సస్క్వెహానా నది మీద 1928లో కట్టిన కానొవింగో ఆనకట్ట ఉంది. జలవిద్యుత్ టర్బైన్ల గుండా వచ్చి సొమ్మసిల్లి నీటిమీద తేలే చేపల కోసం ఏటా నవంబరులో తెల్లతల గద్దలు ఆ ఆనకట్ట దిగువకు చేరతాయి. వాటి కోసం ఒడ్డున కెమెరాలు బారులు తీరుతాయి. న్యూజెర్సీ నడిమి ఊళ్ళనుంచీ, ఉత్తర వర్జీనియానుంచీ అటూ ఇటుగా రెండు గంటల ప్రయాణమే కనుక, ఆ బారులో తెలుగు మాటలు వినిపిస్తే వింతేమీ లేదు. గద్దలను కాక మనుషులను గమనించేవారికి అక్కడ ఇంకొక సంగతి కనిపిస్తుంది. మెడలో కెమెరా వేలాడుతున్న ప్రతివారూ ఒక చేత్తో లెన్సును కిందనుంచి పట్టుకునే నడుస్తుంటారు. పట్టీ ఉన్నది చేతులకు విశ్రాంతి ఇవ్వడానికి. ఆ విశ్రాంతి తీసుకొనే ధైర్యం పట్టీ యజమానికే లేదు.

ఆ జంకు అకారణం కాదు. నికాన్ జెడ్9 కెమెరా బ్యాటరీ, కార్డులతో కలిపి 1,340 గ్రాములు. పక్షుల కోసం దానికి తగిలించే 180-600 మి.మీ. లెన్సు, ముక్కాలిపీటకు బిగించే కాలితో సహా 2,140 గ్రాములు. రెండూ కలిస్తే సుమారు మూడున్నర కిలోలు. మనిషి తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది. అంటే మెడ పుట్టినప్పటినుంచీ మోస్తున్న తలకు తోడు, మూడొంతుల తల కొత్తగా వచ్చి ఎదుట వేలాడుతున్నదన్నమాట. విడుదలైననాటి ధరల్లో ఈ రెండూ కలిసి 7,000 డాలర్ల పైమాటే. దీనినంతటినీ ఆపుతున్నది కెమెరాతోపాటు డబ్బాలో ఉచితంగా వచ్చిన, తయారీదారు పేరు పెద్ద అక్షరాలతో నేసిన పట్టీ. అది సగం పట్టీ, సగం ప్రకటన. చిన్న లెన్సుతో, గంటో రెండు గంటలో తిరగడానికి దానిలో లోపమేమీ లేదు. మూడున్నర కిలోలతో పూట గడపడం వేరు సంగతి.

మంచి పట్టీ కొనదలచినవారు సాధారణంగా చూసేది రెండే: మెత్తగా ఉందా, ఎంత బరువు మోస్తుందని రాశారు. రెండూ పట్టీ నడిమి భాగానికి చెందిన ప్రశ్నలు. కానీ పట్టీకి రెండు కొసలున్నాయి. ఒక కొస కెమెరాను పట్టుకుంటుంది, రెండోది మనిషిని. కెమెరాలు కిందపడేది మొదటి కొస దగ్గర. మనుషులు వైద్యుల దగ్గరికి వెళ్ళేది రెండో కొస వల్ల. నడిమి భాగం చాలా అరుదుగా మాత్రమే దోషి.

తెలుగులో తెగడం వేరు, ఊడడం వేరు, జారడం వేరు. ఈ తేడా ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. నైలాన్ లేదా పాలియెస్టర్ నవారు, నవారు మంచానికి అల్లేటటువంటిదే గాని ఇంకా చిక్కగా నేసినది, మూడున్నర కిలోలకు తెగదు. ఒక మనిషి ఊగినా తెగదు. ఎండకు ఏళ్ళతరబడి మాడితేనో, పదునైన లోహపు అంచుకు రోజూ రాచుకుంటేనో తప్ప దానికి చావు లేదు. నైలాన్ తడిస్తే కొంత బలం కోల్పోతుంది, కొంచెం సాగుతుంది; పాలియెస్టర్ తక్కువ సాగుతుంది, ఎండకు ఎక్కువ ఓర్చుకుంటుంది. కెమెరా మోసేవారికి ఈ తేడా పెద్దది కాదు. తోలు పట్టీలు అందంగా ఉంటాయి, కానీ వాటి బలం తోలులో కాక కుట్టులో ఉంటుంది. సూది బెజ్జాలు మరీ దగ్గరగా ఉంటే తపాలాబిళ్ళ అంచులా ఆ వరస వెంటే చినుగుతుంది. చెమట దారాన్ని తింటుంది. నవారు పట్టీలో చూడవలసిన కుట్టు, చదరపు గడిలో గుణకారపు గుర్తు వేసినట్టు ఉండేది, లేదా అడ్డంగా ఒత్తుగా పలుమార్లు వేసినది. ఒకే వరస కుట్టు వేసి సరిపెట్టిన పట్టీని, దాని మీద ఏ పేరున్నా, పక్కన పెట్టవచ్చు.

ఇక జారడం. కెమెరా పైభాగంలో రెండువైపులా చెవులుంటాయి. కొన్నింటిలో అవి సన్నని చీలికలు, నవారు కొస నేరుగా అందులోంచి దూరుతుంది. కొన్నింటిలో గుండ్రని బెజ్జాలు, వాటికి ముక్కోణపు రింగు తగిలించి, ఆ రింగులోంచి నవారు తీయాలి. ఎక్కడైనా సరే, దూరి వచ్చిన కొస మళ్ళీ పట్టీని చేరి మూడు కడ్డీల బకిల్‌లో ఇరుక్కుంటుంది. ఆ కొసను చాలామంది బకిల్‌లోంచి తీసి పైకి వదిలేస్తారు. చూడడానికి బిగిసినట్టే ఉంటుంది. నడకలో పట్టీ లక్షసార్లు వదులై, లక్షసార్లు బిగుస్తుంది. ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి జారినా చాలు. కొసను తిరిగి లోపలికి, ఇదివరకే బకిల్‌లో ఉన్న నవారు పొర కిందుగా దూర్చడమే సరైన పద్ధతి. అప్పుడు బరువు పెరిగినకొద్దీ పై పొర కింది కొసను మరింత గట్టిగా నొక్కుతుంది. లాగేకొద్దీ ఘర్షణ పెరుగుతుంది, ముడి తనను తాను బిగించుకుంటుంది. లోపలికి దూర్చాక కూడా కొస కనీసం మూడు వేళ్ళ వెడల్పున మిగలాలి. కెమెరాల సూచనల పుస్తకాల్లో ఈ బొమ్మ ఉంటుంది. చదివేవారే తక్కువ.

రింగుల విషయంలో ఒక చిన్న సంగతి. తాళంచెవుల గుత్తికి వాడే రెండు చుట్ల రింగును కొందరు కెమెరా చెవికి తగిలిస్తారు. దాని తెరుచుకున్న కొసలో నవారు అంచు చిక్కితే, తాళంచెవిని రింగులోకి ఎక్కించినట్టే, నవారు తనంతట తాను తిరుగుతూ బయటకు నడిచివస్తుంది. పైగా గట్టి ఉక్కు రింగు మెత్తని లోహపు చెవిని అరగదీస్తుంది. పాత కెమెరాల చెవుల్లో లోతుగా పడిన గాట్లు ఇలా వచ్చినవే.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదాలు దాగి ఉన్నది ఊడడంలో. ఈ పదిహేనేళ్ళుగా బహుళ ప్రచారంలోకి వచ్చిన పట్టీలు కెమెరా చెవులను వదిలేసి, అడుగున ముక్కాలిపీట కోసం ఉన్న మరను ఆశ్రయిస్తాయి. పట్టీని జంధ్యంలా వేసుకుంటే కెమెరా తలకిందులుగా తుంటి పక్కన వేలాడుతుంది. చెయ్యి వేస్తే జారుతూ కంటి దగ్గరికి వస్తుంది. సౌకర్యం నిజమే. కానీ ఆ మర లెక్క చూడాలి. దాని వ్యాసం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ.; అంగుళానికి 20 చుట్లు. ఒక చుట్టు తిరిగితే మర 1.27 మి.మీ. కదులుతుంది. కెమెరా అడుగున ఉండే గుంట లోతు సుమారు 5 మి.మీ. మాత్రమే. కనుక మూడున్నర కిలోలను పట్టి ఉంచుతున్నవి మహా అయితే నాలుగు చుట్లు. ఒక్క చుట్టు వదులైతే పావు వంతు పట్టు పోయినట్టే. నిలువుగా ఎంత బరువు లాగినా ఈ మర ఊడదు. అది ఊడేది మెలికవల్ల. నడిచే మనిషి తుంటి దగ్గర కెమెరా అటూ ఇటూ తిరుగుతుంటుంది. తిరుగుడు బకిల్ శుభ్రంగా ఉన్నంతకాలం ఆ తిరుగుడును మింగేస్తుంది. ఇసుకో, ఉప్పునీటి తుప్పో చేరి అది మొరాయించిన రోజున ఆ మెలిక మొత్తం మరమీద పడుతుంది. ఎడమకు తిరిగే ప్రతి ఊపూ మరను విప్పే ప్రయత్నమే.

దీనికి విరుగుడుగా రబ్బరు వాషరు బాగా పనిచేస్తుంది. మరకు గోళ్ళరంగుతో ఒక గీత గీసి, ఆ గీతను కెమెరా అడుగున ఉన్న పలకమీదికి కూడా కొనసాగిస్తే ఇంకా మంచిది. ఇది ఇంజనీర్లు బోల్టుల మీద వేసే సాక్షిగీత. గీత రెండు ముక్కలుగా కనిపించిందంటే మర కదిలిందని అర్థం, చేత్తో తిప్పి చూడనక్కరలేదు. మరలు కదలకుండా పోసే జిగురును కెమెరా అడుగున వాడకపోవడం మేలు. అటువంటి ద్రవాల్లో కొన్ని ప్లాస్టిక్‌ను బీటలు వారుస్తాయి.

బరువైన లెన్సుల దగ్గర ప్రశ్న మారుతుంది. పైన చెప్పిన జతలో లెన్సు కెమెరాకన్నా 800 గ్రాములు ఎక్కువ. కెమెరా చెవులకు పట్టీ తగిలిస్తే ఆ లెన్సు మొత్తం తన మౌంటును పట్టుకొని వేలాడుతుంది. నడకలో మోకాలికి తగిలిన ప్రతిసారీ ఆ మౌంటునే మెలిపెడుతుంది. వెంటనే ఏమీ జరగకపోవచ్చు, కానీ మౌంటు చేసే పని అది కాదు. గురుత్వకేంద్రం ఎక్కడుందో అక్కడ పట్టుకోవడమే భౌతికశాస్త్రం చెప్పేది. ఆ చోటు లెన్సు కాలి దగ్గర ఉంటుంది. అందుకే 600 మి.మీ. ఎఫ్/4 వంటి మహాలెన్సులకు పట్టీ చెవులు లెన్సుమీదే ఉంటాయి. మధ్యతరగతి లెన్సులకు ఆ భాగ్యం లేదు గనుక, వాటి కాలికి ఆర్కా-స్విస్ తరహా పలక బిగించి, దానిలో ఒత్తితే ఊడే గుండీ తరహా కొలికిని తగిలిస్తారు. తుపాకీ పట్టీలనుంచి అరువు తెచ్చుకొన్న ఈ కొలికి నమ్మదగినదే, లోపలి గుళికలు పూర్తిగా బయటికి వచ్చి కూర్చున్నంతవరకూ. తగిలించాక ఒకసారి గట్టిగా లాగి చూడడం దీనికి నియమం. పలకలను పట్టే బిగింపుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆర్కా పలకల కొలతలకు కచ్చితమైన ప్రమాణం లేదు. ఒక కంపెనీ మీట బిగింపు ఇంకొక కంపెనీ పలకను అరకొరగా పట్టడం మామూలే. పట్టీ కోసమైతే మర తిప్పి బిగించేదే మేలు. లెన్సు కాలు చుట్టూ ఉండే పట్టెడ కొన్నింటిలో మడతబందుతో తెరుచుకుంటుంది. పట్టీ ఎంత గొప్పదైనా, ఆ పట్టెడ మర వదులైతే కాలు, పట్టీ మనిషి దగ్గర మిగిలి, లెన్సూ కెమెరా నేలను చేరతాయి.

అందువల్ల రెండో తాడు అవసరం. వెడల్పాటి పట్టీ లెన్సు కాలికి, సన్నని రక్షణ తాడు కెమెరా చెవికి. సాధారణంగా రెండో తాడు వదులుగా ఉండి ఏ పనీ చెయ్యదు. రెండు తాళ్ళకూ ఉమ్మడిగా ఒక్క లంకె కూడా ఉండకూడదన్నదే షరతు. ఒకే మరకు రెండు తాళ్ళు కట్టి ధైర్యం తెచ్చుకోవడం, ఒకే మేకుకు రెండు ఉట్లు తగిలించినట్టు ఉంటుంది.

పట్టీల మీద రాసే బరువు సంఖ్యల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పీక్ డిజైన్ కంపెనీ కెమెరా చెవులకు తగిలించే చిన్న తాడుబిళ్ళలు 200 పౌండ్లు, అంటే 90 కిలోలు మోస్తాయని ప్రకటించింది. మూడున్నర కిలోలకు తొంభై ఎందుకనిపిస్తుంది. వంతెన పిట్టగోడ మీద పెట్టిన కెమెరా మోచేయి తగిలి పడిందనుకుందాం. మెడలోని పట్టీ బిగిసేలోపు అది 30 సెం.మీ. పడింది; ఆ తరవాత పట్టీ 3 సెం.మీ. సాగి దానిని ఆపింది. పడేటప్పుడు సంపాదించిన శక్తినంతటినీ ఆ 3 సెం.మీ.లో వదిలించుకోవాలి కనుక, సగటున బరువుకు 11 రెట్ల బలం పట్టీమీద పడుతుంది: 38 కిలోలు. పట్టీ సాగని రకమై 1 సెం.మీ.లోనే ఆపితే 31 రెట్లు: 108 కిలోలు. మనిషి దేహమూ బట్టలూ కొంత లొంగుతాయి కనుక ఆచరణలో అంత ఉండదు. అయినా ఆ తొంభై ఆడంబరం కాదని తెలుస్తుంది. ఆ తాడుబిళ్ళల్లోనే ఇంకొక మంచి ఆలోచన ఉంది: పై పొర అరిగితే లోపలి రంగు బయటపడుతుంది. ఎప్పుడు మార్చాలో తానే చెప్పే వస్తువు అరుదు. మిగిలిన పట్టీలకు ఆ రంగు వాడేవారి కన్నే.

ఈ లెక్కే పట్టీ రెండో కొసనూ చూపిస్తుంది. కెమెరాను ఆపిన ఆ 38 కిలోలు ఎక్కడికీ పోవు, మెడమీద పడతాయి.

పట్టీ వెడల్పు ఎందుకు ముఖ్యమో రక్తపోటు కొలతల్లో చెప్పవచ్చు. మూడున్నర కిలోల బరువు సుమారు 34 న్యూటన్లు. పట్టీ రెండు పోగులుగా దిగుతుంది కనుక ఒక్కొక్క పోగులో 17. గుండ్రని భుజం మీదుగా వంగిన పట్టీ కలిగించే పీడనం, ఆ తన్యతను పట్టీ వెడల్పుతోనూ వంపు వ్యాసార్ధంతోనూ భాగిస్తే వస్తుంది. వంపు 5 సెం.మీ. అనుకుంటే, 5 సెం.మీ. వెడల్పు పట్టీ కింద పీడనం సుమారు 50 మి.మీ. పాదరసం. రెండున్నర సెం.మీ. పట్టీ కింద 100. ఇప్పుడు ఫ్యాషనైన తాడు పట్టీలు 1.2 సెం.మీ. ఉంటే, 210 దాటుతుంది. చర్మంలోని సూక్ష్మ రక్తనాళాల్లో రక్తం ప్రవహించే పీడనం సుమారు 32. ఆరోగ్యవంతుడి గుండె తన పూర్తి బలంతో నెట్టేది 120. బట్టలు, కండరాలు పీడనాన్ని కొంత పరుస్తాయి కనుక ఈ అంకెలు ఉజ్జాయింపులే. తాడు పట్టీ భుజం మీద అరగంటలో ఎర్రని గాడి ఎందుకు వేస్తుందో తెలియడానికి ఆ మాత్రం చాలు. ఆ తాళ్ళు చిన్న కెమెరాల కోసం.

మెత్తదనం వేరు, వెడల్పు వేరు. నియోప్రీన్ పట్టీ దుకాణంలో వేసుకుంటే బరువు తగ్గిపోయినట్టనిపిస్తుంది. అది సాగుతుంది, కుదుపును మింగుతుంది, అంతవరకూ మేలే. కానీ గ్రాము కూడా తగ్గదు. పైగా నడకకు తగ్గట్టు కెమెరా గంతులు వేయడం మొదలుపెడుతుంది, ప్రతి గంతునూ ఆపేది మెడ కండరమే.

మెడలో వేసుకున్న పట్టీ ఆనేది మెడ అడుగున, తల వంచితే చేతికి తగిలే ఏడవ వెన్నుపూస బొడిపె చుట్టుపక్కల. కెమెరా ఎదురురొమ్ము మీద ఉంటుంది గనుక పట్టీ కిందికే కాక ముందుకూ లాగుతుంది. ఆ లాగుడును వెనకనుంచి ఎదిరించేవి మెడ వెనుక కండరాలు, భుజాన్ని ఎత్తి పట్టే ట్రపీజియస్ పైభాగం. పగలంతా కంప్యూటరు ముందు తల ముందుకు చాచి కూర్చొనే ఉద్యోగులలో ఈ కండరాలు ముందే అలసి ఉంటాయి. శనివారం నాలుగు గంటలు కెమెరా మోసి, ఆదివారం పొద్దున తలవెనక పట్టేసిన నొప్పితో లేచేవారి కథ చాలావరకు ఇంతే. నలభై ఐదు దాటాక మెడ వెన్నుపూసల అరుగుదల చాలామందిలో కొంత ఉంటుంది. అందులో నరం వేరు ఇరుకైన చోటునుంచి బయటికి వస్తున్నవారికి, నొప్పి మెడతో ఆగక చేతిలోకి దిగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

భుజం మీద పట్టీ ఆనే చోట నరాలు ఏమంత లోతుగా లేవు. మెడ పక్కన, కాలర్ ఎముక వెనక ఉన్న పల్లంలో చేతికి పోయే నరాల గుత్తి పైభాగం ఉంది. అక్కడే చర్మానికి దగ్గరగా, ట్రపీజియస్‌ను నడిపే పదకొండవ కపాలనాడి పోతుంది. రొమ్ము పక్కగా దిగి భుజపుటెముకను వీపుకు అంటిపెట్టి ఉంచే నాడీ అక్కడినుంచే బయలుదేరుతుంది. బరువైన మూటలతో గంటలతరబడి నడిచిన సైనికుల్లో చెయ్యి పైకెత్తలేకపోవడం, భుజపుటెముక రెక్కలా బయటికి పొడుచుకురావడం సైనిక వైద్యానికి చిరపరిచితం. దాన్ని వీపుసంచి పక్షవాతమనే పిలుస్తారు. చాలావరకు వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. మూడున్నర కిలోల కెమెరాతో అంతదాకా రావడం అరుదు. అయితే నాడిని దెబ్బతీసేది బరువు ఒక్కటే కాదు. సన్నని పట్టీ, మారకుండా ఒకే చోట గంటలకొద్దీ ఆనడం, ముందే బలహీనపడిన నాడి, ఇవి మూడూ కలిసినప్పుడు తక్కువ బరువూ సరిపోతుంది. మధుమేహం ఉన్నవారి నాడులు ఒత్తిడికి త్వరగా లొంగుతాయి. మన ఇళ్ళలో మధుమేహం ఎంతమందికుందో తెలిసిందే కనుక ఈ వాక్యాన్ని దాటిపోకూడదు. పట్టీ తీసిన గంట తరవాత కూడా భుజం వెలుపల, బొటనవేలివైపు తిమ్మిరి ఉంటే ఆ పట్టీ పనికిరాదు. చెయ్యి ఎత్తడంలో బలం తగ్గినట్టనిపిస్తే పట్టీ మార్చి ఊరుకోక వైద్యుడిని చూడాలి.

పేస్‌మేకర్ అమర్చినవారి సంగతి వేరు. ఆ పెట్టె సాధారణంగా ఎడమ కాలర్ ఎముక కింద ఉంటుంది, దాని తీగలు ఆ ఎముక కిందుగానే లోపలికి వెళతాయి. జంధ్యం వాటం పట్టీని చాలామంది సహజంగా ఎడమ భుజం మీదనే వేసుకుంటారు, కుడిచేతికి కెమెరా అందాలి గనుక. వీరు కుడి భుజానికి అలవాటు పడాలి. లేదా బరువును భుజాలనుంచే తప్పించాలి.

ఇక ఏ వాటం ఎవరికి? ఒకే భుజానికి, అదే పక్కన వేలాడేలా తగిలించుకోవడం అన్నిటిలోకీ అధమం. పట్టీ జారిపోతుందన్న భయంతో భుజం తెలియకుండానే పైకెత్తి ఉంటుంది. ట్రపీజియస్‌కు క్షణం విరామం లేదు. అదే పట్టీని జంధ్యంలా వేసుకుంటే భుజం ఎత్తవలసిన పని తప్పుతుంది, మెడ ముందుకు లాగబడదు. రెండు మూడు గంటల షికారుకు, రెండు కిలోల లోపు కెమెరాకు ఇదే చాలు. పెళ్ళిళ్ళలో రెండు కెమెరాలతో తిరిగేవారు వాడే జోడు పట్టీలను చూసి, ఒకే కెమెరా ఉన్నవారు కూడా అదే కొంటారు. కావడికి రెండువైపులా బరువుంటేనే కావడి. ఒక బిందె తీసేస్తే అది భుజానికి శిక్ష. జోడు పట్టీ ఒక కెమెరాతో దాదాపు మామూలు ఒంటి పట్టీయే, ధర మాత్రం రెట్టింపు. ఒక్క బరువైన కెమెరానే మోసేవారికి కాటన్ క్యారియర్ వంటి రొమ్ముకవచం తరహా నయం. బరువు నడిమధ్యలో ఒంటికి దగ్గరగా ఉంటుంది, రెండు భుజాలూ సమానంగా పంచుకుంటాయి, కెమెరా ఊగదు. కాకపోతే పొడవైన లెన్సు బొడ్డు దాకా దిగి, మెట్లు ఎక్కేటప్పుడు తొడలకు అడ్డుతగులుతుంది. దిగేటప్పుడు పాదాలు కనపడవు. మోకాళ్ళు బాగోలేనివారు ఇది ఆలోచించుకోవాలి.

మెడ అరిగిందని తెలిసినవారికి ఉత్తమం నడుము. కటిఎముక పైఅంచు మీద ఆనిన బెల్టు బరువును వెన్నెముక దాటించి నేరుగా కాళ్ళకు పంపుతుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు కత్తులను, లొట్టిని నడుముకు కట్టిన ముస్తాదుకే తగిలిస్తారు. భుజాలూ చేతులూ ఎక్కడానికి ఖాళీగా ఉండాలన్నది వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. స్పైడర్ హోల్‌స్టర్ తరహా బెల్టులు చేసేది అదే. బెల్టు వదులుగా ఉంటే జారి తుంటి కిందికి దిగుతుంది. మరీ బిగిస్తే, పొత్తికడుపు పక్కన కటిఎముక ముందు మొన దగ్గర తొడ చర్మానికి పోయే నాడి నలిగి, తొడ వెలుపలి భాగంలో మంట, తిమ్మిరి వస్తాయి. పొట్ట ఉన్నవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. బెల్టు వదులు చేస్తే సాధారణంగా తగ్గిపోతుంది. వెన్నులో తప్పేదో ఉందని స్కానింగులకు పరుగెత్తే ముందు బెల్టును చూడడం తేలిక.

భద్రత అంటే దొంగలనుంచి భద్రత అని కూడా కొందరి లెక్క. కత్తికి తెగకుండా లోపల ఉక్కుతీగ పెట్టిన పట్టీలు అమ్ముతారు. మెడలో గొలుసులు లాక్కుపోయే మోటార్‌సైకిళ్ళ వార్తలు చదివి పెరిగినవారికి వీటి ఆకర్షణ అర్థమవుతుంది. కానీ గొలుసు తెగుతుంది కాబట్టే చాలామంది ప్రాణాలతో ఇల్లు చేరారు. తెగని పట్టీ మెడ చుట్టూ ఉన్న మనిషిని ఒక మోటార్‌సైకిల్ లాగితే ఏమవుతుందో వివరించనవసరం లేదు. ఆ పట్టీ రెస్టారెంట్‌లో కుర్చీకాలికి తగిలించడానికి పనికివస్తుంది, మెడకు కాదు. కారులో కూడా కెమెరా మెడలో ఉండకూడదు. గాలిసంచి విచ్చుకుంటే రొమ్ముటెముకకూ దానికీ మధ్య మూడున్నర కిలోల లోహం ఉంటుంది. ఒక ఒడ్డునుంచి మరో ఒడ్డుకు ఐదు నిమిషాల ప్రయాణమే కదా అని పట్టీ తీయకుండా సీటుబెల్టు పెట్టుకోవడం పక్షుల ఫొటోలు తీసేవారిలో మామూలు అలవాటు.

కొత్త పట్టీకి కెమెరాను నేరుగా తగిలించనక్కరలేదు. గుడ్డసంచిలో ఐదు కిలోల బియ్యం పోసి, అదే కొలికికి తగిలించి, రాత్రంతా తలుపు గొళ్ళేనికి వేలాడదీస్తే నవారు ఎక్కడ జారుతుందో తెలుస్తుంది. బకిల్ దగ్గర ముందే పెన్నుతో గీసిన గుర్తు పొద్దుటికి కదిలి ఉంటుంది. తరవాత అదే సంచిని పట్టీతో ఒక జానెడు ఎత్తునుంచి నాలుగైదుసార్లు వదలాలి, కింద దిండు వేసి. మొదటి వారం కెమెరాతో నడిచేటప్పుడు గోళ్ళరంగు గీతను రోజూ, ఆపైన బయలుదేరే ప్రతిసారీ చూడాలి. సముద్రపు ఒడ్డునుంచి వచ్చాక తిరుగుడు బకిల్‌ను మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. నవారు అంచులో పోగులు లేచినా, కుట్టులో ఒక్క దారం తెగినా, కొలికి గుండీ ఒత్తినప్పుడు వెంటనే తిరిగి రాకపోయినా ఆ పట్టీకి కాలం చెల్లింది. డబ్బాలో వచ్చిన అసలు పట్టీని మాత్రం పారేయకూడదు. కెమెరా అమ్మే రోజున, విప్పని ప్లాస్టిక్ కవరులో ఉన్న ఆ పట్టీని కొనేవారు ముచ్చటగా అడిగి తీసుకుంటారు.